ముందు నడిచేది ఎవరు?

నీళ్ళు తక్కువైన చోట మాటలు తొందరగా ముదురుతాయి. అనంతపురం మెట్టల్లో అన్నదమ్ముల మధ్య, ఇరుగుపొరుగు మధ్య, ఆఖరికి ఒకే చర్చిలో కూర్చునేవాళ్ళ మధ్య తెగిపోయిన మాటను మళ్ళీ కలపడం ఎలా? క్రీస్తు చూపిన దారి ఏమిటి? ఆ దారిలో నడిచినవాళ్ళ అనుభవం మనకేం నేర్పుతోంది?

ఇద్దరు అన్నదమ్ములు, నాలుగెకరాలు, ఒక బోరు. తండ్రి ఉన్నన్నాళ్ళు నీళ్ళు వంతుల ప్రకారం పారాయి. తండ్రి పోయాక పొలం మధ్య గెనిమ పడింది. ఒక ఎండాకాలం బోరులో నీళ్ళు సన్నబడ్డాయి. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు వేసిందెవరో, వాల్వు తిప్పిందెవరో తేలలేదు. వదిన ఒకటంది, మరదలు ఇంకొకటంది. "నీ యవ్వారమంతా నాకు తెలుసులే" అన్న ఒక్క మాట దగ్గర అన్నదమ్ములిద్దరూ ఆగిపోయారు. ఏళ్ళు గడిచాయి. పెళ్ళికి పిలుపు లేదు, చావుకు పలకరింపు లేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ ఒకే చర్చికి వస్తారు. ఒకరు ఆ చివర, ఒకరు ఈ చివర.

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. ఎకరాలు, వరసలు కాస్త మారిస్తే ఈ సీమలో ఏ ఊరికైనా సరిపోతుంది.

ఇక్కడ తగాదా ఇంత సులువుగా పుట్టడంలో మనుషుల గుణం కంటే నేల పరిస్థితికే పాలు ఎక్కువ. అనంతపురంలో ఏడాది వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల వాననీడలో ఉన్న ప్రాంతమిది. నైరుతి మేఘం ఇక్కడికి చేరేసరికే తేలికైపోతుంది. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు ఒక్క పదును వాన తప్పితే చాలు, ఏడాది కష్టం పశువుల మేతగా మిగులుతుంది. అప్పు తెచ్చి వెయ్యి అడుగులు దించిన బోరులోనూ దుమ్మే లేస్తుంది. అలాంటి చోట పక్క పొలంలో కొత్త బోరు పడితే అది పొరుగువాడి సొంత వ్యవహారంగా కనిపించదు, మన నోటి ముందు నీళ్ళు లాక్కున్నట్టే ఉంటుంది. బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలని 2002లో వాల్టా చట్టం వచ్చింది. అయినా పొలం గట్టున నిలబడి మాట్లాడుకోవాల్సింది ఆ ఇద్దరే.

సీమ అనగానే బయటివాళ్ళు ఫ్యాక్షన్ అంటారు. చాలా పగల మొదలు వెతుక్కుంటూ పోతే అక్కడ కనిపించేది ఒక గెనిమో, ఒక ఎన్నికో, నలుగురిలో జరిగిన ఒక అవమానమో. అవి పెద్దవి కాకముందే ఆపగల చోటు ఇల్లు, పొలం, వీధి, చర్చి. అందుకే ఈ కథనం పెద్ద పగల గురించి కాదు, రోజువారీ మాట పట్టింపుల గురించి.

ఇద్దరికీ ఒకే ఆజ్ఞ

మత్తయి సువార్తలో యేసు తగాదాల గురించి రెండు చోట్ల మాట్లాడాడు. ఐదో అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో ఆయన చెప్పిన దాని సారం ఇది: బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా సహోదరుడి మనసులో నీమీద ఏదో ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలిపెట్టు, ముందు వెళ్ళి అతనితో సమాధానపడు. పద్దెనిమిదో అధ్యాయంలో ఇంకోటి చెప్పాడు: సహోదరుడు నీ విషయంలో తప్పు చేస్తే నువ్వే వెళ్ళు, మీరిద్దరే ఉన్నప్పుడు ఆ తప్పు అతనికి చెప్పు.

మొదటిది తప్పు చేసినవాడికి చెప్పిన మాట. రెండోది తప్పు జరిగినవాడికి. ఇద్దరికీ ఆజ్ఞ ఒక్కటే: నువ్వే బయలుదేరు. ఇద్దరూ ఆ మాట వింటే దారి మధ్యలో ఎక్కడో ఒకరికొకరు ఎదురుపడతారు.

మన ఊళ్ళలో తగాదా ఏళ్ళ తరబడి నిలిచిపోయేది సరిగ్గా ఇక్కడే. "తప్పు వాడిది. వాడే రావాల" అంటాడు తమ్ముడు. "పెద్దోణ్ణి, నేనెట్ల పోతానప్పా వాడి గడపకి?" అంటాడు అన్న. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే ఉంటుంది. అందుకే ఇద్దరూ కదలరు. తప్పు ఎవరిదో తేలాక నడుద్దాం అనుకుంటే ఎవరూ నడవరని యేసుకు తెలుసు. అందుకే తప్పెవరిదన్న లెక్కను ఆయన తర్వాతికి పెట్టాడు, నడకను ముందు పెట్టాడు.

ఆ కొండ మీద ఆయన మాట విన్న జనంలో గలిలయవాళ్ళు ఉన్నారు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. కాలినడకన కొన్ని రోజుల దారి. కానుక అక్కడ వదిలి, ఊరికి తిరిగివెళ్ళి, సమాధానపడి మళ్ళీ రావడమంటే వారం పైన పట్టే పని. అంతసేపూ దేవుడు తన ఆరాధనను ఆపి ఉంచడానికి సిద్ధంగా ఉన్నాడన్నది ఆ బోధ. పక్క వరసలో కూర్చున్న తమ్ముణ్ణి దాటుకుంటూ వెళ్ళి కానుక పెట్టెలో నోటు వేసే మనకు ఇది బరువైన మాటే.

చెవులు పెరగకముందే

పద్దెనిమిదో అధ్యాయంలో ఒక వరస ఉంది. మొదట ఇద్దరే మాట్లాడుకోవాలి. వినకపోతే ఒకరినో ఇద్దరినో వెంటబెట్టుకుని వెళ్ళాలి. అప్పటికీ కుదరకపోతేనే సంఘానికి చెప్పాలి.

మన అలవాటు దీనికి తలకిందులు. మనసు నొచ్చుకున్న సంగతి మొదట బామ్మర్దికి చేరుతుంది. తర్వాత టీకొట్టుకు, ఆ తర్వాత పాస్టరు అయ్యగారికి. అసలు మనిషికి చేరేది అందరి తర్వాత, అదీ నాలుగు నోళ్ళు మారి. ఇప్పుడు బెంగళూరుకు పనికిపోయిన పిల్లలు కుటుంబం వాట్సాప్ గ్రూపులో కోపంగా పంపిన వాయిస్ మెసేజ్ ఒక్క నిమిషంలో నలభై ఇళ్ళలో మోగుతోంది. ఎదురుగా ఉంటే ముఖం చూసి మెత్తబడే మాట ఫోనులో రాయిలా మిగిలిపోతుంది.

ఇద్దరే మాట్లాడుకోవడంలో ఉన్న తెలివి సీమవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ పరువు పెద్ద విషయం. నలుగురి ముందు తప్పు ఒప్పుకుంటే ఓడిపోయినట్టు. రచ్చబండ దగ్గర కూర్చోబెట్టగానే మనిషి నిజాన్ని వదిలి పరువును పట్టుకుంటాడు. చింతచెట్టు కింద ఇద్దరే ఉన్నప్పుడు అదే మనిషి "నిజమేలే, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అనగలడు. ఆ ఒక్క మాట బయటికి రావడానికి చోటు ఇవ్వడమే మొదటి మెట్టు.

ఏం మాట్లాడాలన్నదీ ముఖ్యమే. "నువ్వు ఎప్పుడూ ఇంతే, మీ వంశమే అంత" అంటే ఎదుటివాడికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు, తిరిగి తిట్టడం తప్ప. "మొన్న మంగళారం రాత్రి నా వంతులో వాల్వు తిప్పేస్తివి, నా టమోటా మడి ఎండిపాయ. ఎందుకట్ల చేస్తివో చెప్పన్నా" అంటే జవాబు చెప్పడానికి ఒక సంగతి ఉంటుంది. ఆ రాత్రి అతని ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోయి ఉండొచ్చు, వంతు మారిందని అనుకొని ఉండొచ్చు, తెలిసే చేసి ఉండొచ్చు. ఏదైనా సరే, అడిగితేనే తెలుస్తుంది.

రెండో మెట్టులో వెంట తీసుకెళ్ళేది మన తరఫు బలగాన్ని కాదు. ఇద్దరూ నమ్మే మనిషిని. మేనమామ కావచ్చు, చదువు చెప్పిన అయ్యవారు కావచ్చు, రెండిళ్ళకూ కావలసిన ఒక పెద్దమ్మ కావచ్చు. వాళ్ళ పని తీర్పు చెప్పడం కంటే ముందు ఇద్దరినీ పూర్తిగా విననివ్వడం.

మూడో మెట్టు గురించి ఒక అపోహ ఉంది. సంఘం మాట కూడా వినకపోతే అతణ్ణి అన్యుడిగా, సుంకరిగా చూడమన్న మాటను వెలివేతకు అనుమతిగా తీసుకున్న సంఘాలున్నాయి. యేసు సుంకరులతో ఎలా మెలిగాడో అదే సువార్త చూపిస్తుంది. వాళ్ళతో కలిసి భోంచేశాడు. వాళ్ళలో ఒకణ్ణి శిష్యుడిగా పిలుచుకున్నాడు. కాబట్టి మూడో మెట్టు తర్వాత కూడా తలుపు మూసుకుపోదు, మళ్ళీ మొదటినుంచి ప్రేమించడం మొదలవుతుంది.

28 ఏళ్ళు పట్టిన కలయిక

"ఇవన్నీ వాక్యంలో బాగుంటాయి, బతుకులో కుదురుతాయా?" అనేవాళ్ళకు మన తెలుగు సంఘాల చరిత్రే జవాబు.

లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చాడు. తర్వాతి కాలంలో కడప, గుత్తి, అనంతపురం ప్రాంతాల్లో ఆ మిషన్ సంఘాలు నిలబడ్డాయి. పక్కన నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్. ఇంకో వైపు బాప్టిస్టులు. ఇంకెక్కడో మెథడిస్టులు. ఒక సంఘం బిషప్పు ఉండాలంటుంది, ఒక సంఘం వద్దంటుంది. ఒకరి బల్ల దగ్గర ఇంకొకరికి చోటు లేదు. ఐరోపాలో పుట్టిన తగాదాలను ఇక్కడి మాలపల్లెలూ మాదిగపల్లెలూ మోశాయి.

1919 మేలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాల నాయకులు కొందరు సమావేశమై, విడివిడిగా ఉండి సువార్త చెప్పడం తగదని ప్రకటన చేశారు. వాళ్ళలో ముందు నిలిచినవాడు దోర్నకల్ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా చర్చలు సాగాయి. అజరయ్య 1945 జనవరి 1న కన్నుమూశాడు. ఆయన కోరుకున్న కలయిక 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో జరిగింది. దక్షిణ ఇండియా సంఘం, మనం సీఎస్ఐ అని పిలిచేది, ఆ రోజు పుట్టింది. దేశం రెండుగా చీలి నెత్తురు పారుతున్న వారాల్లో, అంతకుముందు ఒకరినొకరు పూర్తిగా ఒప్పుకోని సంఘాలు ఒకటయ్యాయి.

అది ఎలా కుదిరిందో గమనించండి. మీ పాత పాదిరి పనికిరాడు, మళ్ళీ అభిషేకం చేయించుకోండి అని ఎవరూ ఎవరినీ అడగలేదు. ఎవరి సేవకులు వాళ్ళుగానే అందరికీ సేవకులయ్యారు. అలవాటు లేని ఆరాధన పద్ధతిని ఏ సంఘం మీదా రుద్దబోమని మాట ఇచ్చుకున్నారు. తేలని విషయాలకు 30 ఏళ్ళ గడువు పెట్టుకుని కలిసి బతకడం మొదలుపెట్టారు. అన్నీ తేలాకే కలుద్దామని పట్టుబట్టి ఉంటే ఆ రోజు వచ్చేదే కాదు.

అందరూ ఒకేసారి రాలేదు కూడా. అజరయ్య సొంత అధ్యక్ష మండలంలో భాగమైన నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు కలవలేదు. తమ మిషన్ బంధం, తమ ప్రార్థన పద్ధతి పోతాయన్న భయం వాళ్ళది. వాళ్ళు విడిగా ఉన్నారు. 1963లో నంద్యాల ఒక వేరు అధ్యక్ష మండలమైంది. చివరికి 1970లలో సీఎస్ఐలోకి వచ్చింది. ఒక తరం ఆగాల్సి వచ్చింది. నొచ్చుకున్నవాళ్ళను తొందరపెడితే సంతకం వస్తుంది, మనసు రాదు.

ఆ సీఎస్ఐ 1950లో తయారుచేసుకున్న సంస్కార ఆరాధనలో ఒక చిన్న క్రియ ఉంది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన పద్ధతి నుంచి తీసుకున్నది. రొట్టె, ద్రాక్షారసం సిద్ధం చేసే ముందు సమాధానం ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి సాగుతుంది. ఒకరి కుడి అరచేయి ఇంకొకరి కుడి అరచేతికి ఆనుతుంది, ఒక్కొక్కరి ఎడమచేయి ఎదుటివారి కుడిచేతిని కప్పుతుంది. బలిపీఠం దగ్గర యేసు చెప్పిన మాట ఇక్కడ చేతుల్లోకి వచ్చింది. ప్రపంచంలోని ఎన్నో సంఘాలు తర్వాత తమ ఆరాధనలను దిద్దుకున్నప్పుడు దక్షిణ భారతం నుంచి దీన్ని నేర్చుకున్నాయి. మన దగ్గర చాలాచోట్ల అది ఇప్పుడు పక్కవారికి పెట్టే ఒక నమస్కారంగా మిగిలింది. మాటల్లేని అన్నదమ్ములు ఆ సమయానికి ఎటో చూస్తారు. నిజానికి ఆ క్షణం ఉన్నది వాళ్ళ కోసమే.

సర్దుకుపొమ్మనడం శాంతి కాదు

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. సమాధానం పేరుతో బలహీనుల నోరు మూయించడం మన ఇళ్ళలోనూ సంఘాల్లోనూ జరుగుతోంది.

దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన ఆడబిడ్డను "క్షమించమ్మా, ప్రార్థన చేసుకో, సర్దుకుపో" అని మళ్ళీ అదే ఇంటికి పంపడం క్రీస్తు దారి కాదు. ఇద్దరే కూర్చుని మాట్లాడుకోమనే మొదటి మెట్టు ఇద్దరికీ భయం లేనప్పుడే పనికొస్తుంది. చెయ్యి ఎత్తే మనిషి ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టకూడదు. అక్కడ ముందు రక్షణ, తర్వాత చట్టం. 2005 నాటి గృహహింస చట్టం అందుకే ఉంది. క్షమించడం ఆమె ఇష్టం, ఆమెకు కుదిరినప్పుడు. ఇంకెవరూ ఆమె తరఫున క్షమించలేరు.

కులం విషయమూ అంతే. టీకొట్టులో గ్లాసు వేరు, గుడి మెట్టు వేరు, ఆఖరికి కొన్నిచోట్ల సమాధుల చోటూ వేరు. దీన్ని ప్రశ్నించినవాణ్ణి "ఊళ్ళో శాంతి చెడగొడుతున్నావు" అంటారు. ఆ ఊళ్ళో శాంతి ఎప్పుడో చెడింది, అతను ఆ సంగతి బయటికి చెప్పాడంతే. సీమ క్రైస్తవ సంఘాల్లో ఎక్కువమంది దళితులే. సమాధానం గురించి మాట్లాడే హక్కు అందరికంటే వాళ్ళకే ఎక్కువ ఉంది. అన్యాయాన్ని కప్పిన మౌనం ఎంత బరువో వాళ్ళకు తెలుసు.

క్షమాపణ, న్యాయం ఒకదాన్నొకటి కొట్టేసుకోవని చూపిన మనిషి గ్లాడిస్ స్టెయిన్స్. ఒడిశాలో కుష్ఠు రోగుల మధ్య పనిచేసిన ఆమె భర్త గ్రాహమ్ స్టెయిన్స్‌నూ, ఇద్దరు కొడుకులనూ 1999 జనవరిలో మనోహర్‌పూర్‌లో సజీవ దహనం చేశారు. ఆమె హంతకులను క్షమిస్తున్నానని చెప్పింది, కూతురితో అక్కడే ఉండి భర్త పని కొనసాగించింది. కేసు మాత్రం చట్టం ప్రకారం సాగింది, దోషులకు శిక్ష పడింది. పగ పెట్టుకోకపోవడం ఆమె పని, తీర్పు చెప్పడం కోర్టు పని. రెండూ జరిగాయి.

యుద్ధం చూసిన మనిషి

అనంతపురంలో ఈ మాటలకు ఒక ముఖం ఉంది. ఆ ముఖం విన్సెంట్ ఫెర్రర్‌ది.

1920 ఏప్రిల్ 9న బార్సిలోనాలో పుట్టిన ఫెర్రర్‌ను 18 ఏళ్ళ వయసులోనే స్పెయిన్ అంతర్యుద్ధానికి సైనికుడిగా తీసుకెళ్ళారు. ఒకే దేశంలో అన్నదమ్ములు రెండు పక్షాలై చంపుకున్న యుద్ధమది. ఓడిన పక్షంలో నిలిచి, సరిహద్దు దాటి ఫ్రాన్సులో శరణార్థి శిబిరం చూశాడు. 1944లో జెసూట్ సంఘంలో చేరి, 1952లో ఇండియాకు వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో పేద రైతులతో బావులు తవ్వించే పనిలో దిగాడు. ఆ పని కొందరికి కంటగింపైంది. 1968లో ఆయన్ను దేశం విడిచి వెళ్ళమన్నారు. ఆయన కోసం వేలమంది రైతులు కాలినడకన కదిలారు. చివరికి ఇందిరాగాంధీ మాటతో తిరిగి రాగలిగాడు.

1969లో వచ్చి చేరింది అనంతపురానికి. వెళ్ళగొట్టినవాళ్ళ మీద కోపం పెట్టుకుని కూర్చోవడానికి ఆయనకు కారణాలు తక్కువేమీ కాదు. అంతకంటే ఎండిన నేలను వెతుక్కుని, మొదటినుంచి మొదలుపెట్టాడు. 1970లో జెసూట్ సంఘం నుంచి బయటికొచ్చి అన్నే పెర్రీని పెళ్ళాడాడు. ఇద్దరూ కలిసి గ్రామీణ అభివృద్ధి సంస్థ ఆర్డీటీని నడిపారు. దళితవాడలో బడి, పక్కా ఇల్లు, ఆడవాళ్ళ పేరున పట్టా, బత్తలపల్లిలో ఆసుపత్రి. ఎవరినీ మతం మారమనలేదు. ఊరవతల ఉంచినవాడి బిడ్డ చదువుకుని నర్సయితే, ఊరి పెద్దాయన అదే ఆసుపత్రిలో ఆమె చేత సూది వేయించుకుంటాడు. ఉపన్యాసాలతో రాని మార్పు అక్కడ వచ్చింది. 2009 జూన్ 19న ఆయన అనంతపురంలోనే కన్నుమూశాడు, బత్తలపల్లి మట్టిలోనే ఉన్నాడు.

శాంతి చేయడమంటే గొడవ ఆపడంతో అయిపోయే పని కాదని ఆయన జీవితం చెబుతోంది. గొడవ పుట్టే చోట, అంటే కరువు దగ్గర, అవమానం దగ్గర పనిచేయాలి. నీళ్ళ తగాదాకు నీళ్ళ దగ్గరే మందు వెతకాలి. రాయలసీమ, తెలంగాణ మెట్టల్లో స్వచ్ఛంద సంస్థల చొరవతో కొన్ని ఊళ్ళ రైతులు తమ బోర్లను పైపులతో కలుపుకున్నారు. కొత్త బోర్లు వేయకూడదని కట్టుబాటు చేసుకున్నారు. బోరు లేని పొరుగు పొలానికీ ఎండుతున్న వేళ ఒకటి రెండు తడులు ఇచ్చారు. అక్కడ బోరున్నవాడు ఏదో ఒకటి వదులుకున్నాడు. వదులుకోకుండా వచ్చే సమాధానం లేదు.

కూర్చోబోయే ముందు

మీకూ ఒక తెగిన బంధం ఉంటే ఇవి ఉపయోగపడతాయి.

*మీ వాటా ముందు రాసుకోండి.* తప్పు పదింట తొమ్మిది పాళ్ళు అవతలివారిదే అయినా, ఆ ఒక్క పాలు మీదే. కంట్లో దూలం గురించి యేసు చెప్పింది అదే. మాట అక్కడినుంచి మొదలుపెడితే ఎదుటివారి చేతులు కిందికి దిగుతాయి.

*సమయం చూసుకోండి.* తాగి ఉన్నప్పుడు, పంట పోయిన రోజున, పెళ్ళి పందిట్లో ఈ మాట ఎత్తకండి. కరెంటు వేళ కాని ఒక పొద్దున, పొలం గట్టున మాట్లాడండి.

*"కానీ" లేకుండా క్షమాపణ అడగండి.* "అన్నమాట తప్పే, కానీ నువ్వు కూడా..." అంటే అది క్షమాపణ కాదు, కొత్త తగాదా. చేసిన పని పేరు పెట్టి చెప్పండి, నష్టం ఉంటే కట్టివ్వండి. తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్న జక్కయ్య సుంకరిని గుర్తుచేసుకోండి.

*కుదిరింది కాగితం మీద పెట్టండి.* నీళ్ళ వంతు, గెనిమ హద్దు, మోటరు ఖర్చు వంటివి నోటిమాటకు వదిలితే మళ్ళీ తగాదాకొస్తాయి. కోర్టులో కేసు ఉంటే లోక్ అదాలత్ దారి ఉంది. 1987 చట్టం కింద అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. విశ్వాసులు ఒకరినొకరు కోర్టుకీడ్చుకోవడాన్ని కొరింథీ సంఘానికి రాసిన ఉత్తరంలో పౌలు గట్టిగా మందలించాడు. వాయిదాకు పోయిన ప్రతిరోజూ కూలి, బస్సు చార్జీ పోగొట్టుకునే మనకు ఆ మందలింపు లెక్కల్లోనూ అర్థమవుతుంది.

*అవతలివారు ఒప్పుకోకపోతే ఆగండి.* మన చేతిలో ఉన్నంతవరకు సమాధానంగా ఉండమనే పౌలు రోమా సంఘానికి రాశాడు. మన చేతిలో లేనిది కూడా ఉంటుందని ఆయనకు తెలుసు. చెడ్డమాట అనకుండా, తలుపు తీసే ఉంచి ఎదురుచూడటం కూడా శాంతి పనే.

పిల్లలకు రాసిచ్చేది

సీమలో పగ తండ్రి నుంచి కొడుక్కి వస్తుందంటారు. ఎవరో పెద్దాయనకు ఎప్పుడో జరిగిన అవమానాన్ని చూడని మనవడు మోస్తాడు, ఎందుకో తెలియకుండానే చిన్నాన్న పిల్లలతో మాట్లాడడు. పొలం పంచినట్టే పగనూ పంచి ఇస్తున్నాం. ఈ పగకు మనం కట్టే పన్ను పిల్లల బంధుత్వాలు.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. సంస్కారపు ఆదివారానికి ముందు వారాన్ని సమాధానపు వారంగా ప్రకటించండి. ఆ వారంలో పాస్టరు అయ్యగారు, అమ్మగారు ఎవరి ఇంటికి వెళ్ళాలో మీకు పేర్లతో సహా తెలుసు. తీర్పు చెప్పడానికి వెళ్ళొద్దు, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి వెళ్ళండి. సంఘ కమిటీ ఎన్నికల్లో విడిపోయిన మీ సొంత రెండు వర్గాల నుంచే మొదలుపెట్టండి. మీరు నడిచి చూపిస్తే ఊరు నమ్ముతుంది.

మిగిలినవాళ్ళకు, క్రైస్తవులు కానివాళ్ళకూ, ఇదే మాట. తప్పు ఎవరిదన్నది తేలడానికి ఇంకో పదేళ్ళు పట్టినా పట్టొచ్చు. అప్పటికి అన్న ఉంటాడో లేదో, తమ్ముడు ఉంటాడో లేదో. ఈ సీమలో వాన కోసం ఎదురుచూడక తప్పదు, ఎందుకంటే వాన మన చేతిలో లేదు. పలకరింపు మన చేతిలోనే ఉంది. దానికి ఎదురుచూడాల్సిన పని లేదు. తప్పు మీదైనా వెళ్ళండి, మీది కాకపోయినా వెళ్ళండి, ఈ వారంలోనే వెళ్ళండి.